బొమ్మ కింద ఎవరి పేరు?

మా హాస్టల్ ఫ్లోర్‌లో ఆ జపాన్ అల బొమ్మ ఎన్ని చోట్ల ఉందో ఒక ఆదివారం పనిలేక లెక్కపెట్టాను. గోడ మీద పోస్టర్‌గా నాలుగు రూముల్లో, లాప్‌టాప్ వెనక స్టిక్కర్‌గా ఆరు చోట్ల, ఒకడి ఫోన్ కవర్ మీద, ఇంకొకడి టీషర్ట్ మీద. జపాన్ వాళ్లు 2024లో తెచ్చిన కొత్త వెయ్యి యెన్ల నోటు వెనక కూడా అదే బొమ్మ. "ఇది వేసింది ఎవరు?" అని అడిగితే సగం మంది ఠక్కున చెప్పారు, హొకుసాయ్ అని. క్విజ్‌లో అయితే ఫుల్ మార్కులు వేయాల్సిందే.

కానీ ఆ జవాబు పావువంతే కరెక్ట్ అని నాకు ఈ మధ్య అనిపిస్తోంది. మిగతా ముప్పావు గురించే ఈ గోల. ఎందుకు పట్టించుకుంటున్నానో చివర్లో చెప్తాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది.

ముందు ఆ అల ఏ కుటుంబానికి చెందిందో చూద్దాం. ఆ తరహా బొమ్మల్ని ఉకియో-ఎ అంటారు. 'ఎ' అంటే బొమ్మ. 'ఉకియో' అన్న మాటకి పెద్ద కథే ఉంది. మొదట్లో అది బౌద్ధుల మాట, దుఃఖంతో నిండిన ఈ లోకం అని అర్థం. పలకడం అలాగే ఉంచి, రాసే అక్షరాన్ని మార్చేశారు. 'దుఃఖలోకం' కాస్తా 'తేలిపోయే లోకం' అయింది. ఎలాగూ ఏదీ నిలవదు, అలాంటప్పుడు ఏడవడమెందుకు, నీళ్ల మీద సొరకాయ బుర్రలా తేలుతూ ఎంజాయ్ చేద్దాం అన్న ధోరణి. 1660లలో అసాయ్ ర్యోయి అనే రచయిత ఈ ధోరణినే పుస్తకం చేశాడు.

ఆ తేలడం ఎక్కడ? ఎక్కువగా ఎడో నగరంలో. ఇవాళ్టి టోక్యో. 1603లో తొకుగావా షోగన్‌లు అక్కడ కూర్చుని దేశాన్ని ఏలడం మొదలుపెట్టాక ఆ ఊరు పెరుగుతూ పెరుగుతూ పద్దెనిమిదో శతాబ్దానికి పది లక్షల జనాభాకి చేరింది. సమాజంలో పైన సమురాయ్‌లు, కింద వ్యాపారులు. తమాషా ఏంటంటే డబ్బు మాత్రం కిందవాళ్ల దగ్గర చేరింది. అధికారంలోకి రానివ్వరు, మరి ఆ డబ్బు ఎక్కడ పెట్టాలి? బట్టల్లో, కబుకి నాటకాల్లో, యోషివారా అనే వేశ్యావాటికలో. ఆ మూడింటినీ బొమ్మలుగా అచ్చువేసి అమ్మితే అదే ఉకియో-ఎ. కొండలూ అలలూ బాగా తర్వాత వచ్చిన సంగతి. హొకుసాయ్ అల అచ్చయింది 1831 ప్రాంతంలో. అప్పటికి ఈ కళకి నూట యాభై ఏళ్లు దాటాయి.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. ఇవి రాజుల కోటల్లో వేలాడిన చిత్రాలు కావు. పట్టు మీద కుంచెతో వేసిన ఖరీదైన చిత్రాలు కొన్ని ఉన్నాయి. మొరొనొబు వేసిన 'వెనక్కి తిరిగి చూస్తున్న సుందరి' అలాంటిదే, ఎర్ర కిమోనోలో ఒకమ్మాయి నడుస్తూ నడుస్తూ తల తిప్పి చూస్తుంది, అంతే బొమ్మ. కానీ జనం ఇళ్లకి చేరినవి మాత్రం చెక్క అచ్చులతో వందల కాపీలు తీసిన కాగితాలు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక మామూలు రంగుల కాగితం ధర, ఒక గిన్నె సోబా నూడుల్స్ ధర దాదాపు ఒకటే. మెస్ బాలేనప్పుడు బయట తినే ఒక ప్లేట్ నూడుల్స్ మానుకుంటే ఒక బొమ్మ అన్నమాట.

ఇప్పుడు ఆ పావువంతు లెక్కకి వద్దాం. ఒక ఉకియో-ఎ అచ్చు వెనక నాలుగు రకాల మనుషులుంటారు. డబ్బు పెట్టి, ఏ బొమ్మ అమ్ముడుపోతుందో తేల్చే ప్రచురణకర్త. గీత గీసే చిత్రకారుడు. చెక్క చెక్కేవాడు. రంగు అద్ది అచ్చుతీసేవాడు.

మనం ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ప్రాసెస్ చెప్తాను, బోర్ కొట్టదు. చిత్రకారుడు పల్చటి కాగితం మీద నల్ల గీతలతో బొమ్మ ఇస్తాడు. ఆ కాగితాన్ని బోర్లా తిప్పి అడవి చెర్రీ చెక్కపలక మీద అంటిస్తారు. చెక్కేవాడు గీతల్ని ఉంచి, మిగతా చెక్కనంతా తవ్వేస్తాడు. ఈ పనిలో అసలు బొమ్మ నాశనమైపోతుంది. అంటే హొకుసాయ్ చేత్తో వేసిన ఆ అల మన దగ్గర లేదు. ఒక చెక్కేవాడి కత్తి కింద ఎప్పుడో పొట్టయిపోయింది. మనం చూస్తున్నది అతని చేతిపని. ఆ నురగ చివర్లలో గోళ్లలా వంగిన కొసలున్నాయే, వాటిలో ఒక్కటి జారినా పలక పనికిరాకుండా పోయేది. ఆడవాళ్ల బొమ్మల్లో నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే చోట వెంట్రుకకో గీత ఉంటుంది. ఆ భాగం బాగా చేయి తిరిగిన వాళ్లకే ఇచ్చేవారు, కిమోనో మడతలు నేర్చుకునే కుర్రాళ్లకి వదిలేసేవారు.

తర్వాత రంగులు. ఒక్కో రంగుకి ఒక్కో పలక. ఎనిమిది రంగులుంటే ఒకే కాగితం ఎనిమిదిసార్లు అచ్చుకెక్కాలి, ప్రతిసారీ ఒకే చోట కూర్చోవాలి. మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితం, అదీ తడి కాగితం, సాగుతుంది. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం 'కెంతో'. ప్రతి పలక మీదా ఒక మూలన ఎల్ ఆకారంలో ఒక గాటు, అంచున ఇంకో సరళరేఖ గాటు. కాగితం మూలని, అంచుని ఆ రెంటికీ ఆనించి పరిస్తే చాలు. వర్క్‌షాప్‌లో జిగ్స్ అండ్ ఫిక్స్చర్స్ అని మనం బట్టీపట్టేది ఇదే. ప్రెస్ మెషీన్ లేదు. వెదురు పొరలో చుట్టిన బిళ్లతో వెనక నుంచి చేత్తో రుద్దడమే. ఆకాశం పైన ముదురు నీలంగా మొదలై కిందికి వస్తూ తేలిపోతుంది చూడండి, అది చెక్కితే రాదు. అచ్చుతీసేవాడు ప్రతి కాగితానికీ పలక మీద రంగుని తడిగుడ్డతో తుడిచి, కుంచెతో సర్ది తెచ్చేది. రెండు వందల కాగితాలు తీస్తే రెండు వందల సార్లు.

ఇంత చేశాక బొమ్మ మీద ఎవరి పేర్లుంటాయి? చిత్రకారుడి సంతకం. ప్రచురణకర్త గుర్తు. 1790 తర్వాత సెన్సార్ ముద్ర. బొమ్మని ఆపగలిగిన వాడి ముద్ర కూడా ఉంది గానీ, చేసిన ఇద్దరి పేర్లూ మామూలుగా ఉండవు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో చెక్కేవాళ్ల చిన్న ముద్రలు కొన్ని బొమ్మల మీద కనిపించడం మొదలవుతుంది. అచ్చుతీసేవాళ్లవి అప్పటికీ తక్కువే.

"అప్పట్లో ఆ ఆచారం లేదులే" అని తీసిపారేయడానికి వీల్లేదు. ఎందుకంటే దారి తెలిసి కూడా మూసేశారు. 1765లో ఎడోలో డబ్బున్న సరదారాయుళ్లు కొత్త సంవత్సరానికి బొమ్మల కేలండర్లు చేయించి పంచుకునేవారు. ఏది పెద్ద నెల, ఏది చిన్న నెల అన్నది బొమ్మలో ఎక్కడో, కిమోనో డిజైన్‌లోనో ఆరేసిన బట్టలోనో, దాచిపెట్టడం ఆట. ఆ పోటీలోనే హరునొబు బొమ్మలతో పూర్తి రంగుల అచ్చు పుట్టింది. ఆ కేలండర్లలో కొన్నింటి మీద చిత్రకారుడి పేరుతో పాటు చెక్కినవాడి పేరు, అచ్చుతీసినవాడి పేరు కూడా ఉన్నాయి. ఇంకొన్నింటి మీద డబ్బు పెట్టిన పెద్దమనిషి పేరే ఉంది, హరునొబు పేరు లేనే లేదు. తర్వాత అవే పలకల్ని ప్రచురణకర్తలు తీసుకుని, నెలల అంకెలు చెరిపి, ఆ పేర్లూ చెరిపి, మార్కెట్లో మామూలు బొమ్మలుగా అమ్మారు. అంటే పేరు ఉండాలా వద్దా అన్నది కళ నిర్ణయించలేదు. అమ్మేవాడు నిర్ణయించాడు.

ఇప్పటిదాకా బొమ్మ చేసినవాళ్ల సంగతి. ఇక బొమ్మలో ఉన్నవాళ్లు.

ఉకియో-ఎలో మనకి కనిపించే ఆడవాళ్లలో చాలామంది యోషివారా వాళ్లు. అది షోగన్ల అనుమతితో నడిచిన వాడ. 1617లో అనుమతి, 1657 అగ్నిప్రమాదం తర్వాత ఊరి బయటకి, అసకుసా వెనక్కి మార్చారు. చుట్టూ కందకం, ఒకటే పెద్ద గేటు. మగాళ్లు ఆ గేటు నుంచి వస్తారు, పోతారు. ఆడవాళ్లు బయటికి రావడం కుదరదు. పేద ఇళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల పిల్లల్ని అడ్వాన్స్ డబ్బు ఇచ్చి తెచ్చేవారు. కాగితం మీద అది ఏళ్ల తరబడి కూలి ఒప్పందం, నిజానికి అప్పు. పెద్దయ్యాక వేసుకునే పట్టుబట్టలు, పరుపులు, తనకింద పనిచేసే చిన్నపిల్లల ఖర్చు, అన్నీ ఆమె ఖాతాలోనే. ఎంత పేరుంటే అంత ఖర్చు, ఎంత ఖర్చుంటే అంత అప్పు.

ఆ అందమైన బొమ్మల పక్కన మూలన ఇంటిపేరు, ఆమె పేరు రాసుంటాయి. ఉదాహరణకి ఓగియా ఇంటి హనావోగి. ఉతమారోతో సహా ఎందరో ఆమెని గీశారు. మంచి చేతిరాత, కవిత్వం, అందరికీ తెలిసిన పేరు. ఇది చూసి నేను, పోనీ వీళ్ల పేరైనా మిగిలింది కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, హనావోగి అన్నది ఒక మనిషి పేరు కాదు. ఆ ఇంటి పేరు. ఒకామె వెళ్లిపోతే ఇంకొకామెకి అదే పేరు తగిలించేవారు, సినిమాలో పాత్రకి ఇంకో నటిని పెట్టినట్టు. ఆమె అమ్మానాన్నలు పెట్టిన పేరు బొమ్మ మీద ఉండదు. పుట్టిన ఊరి యాస కూడా ఉండకూడదు. ఏ ఊరి పిల్లో కస్టమర్‌కి తెలియకుండా యోషివారాకే ఒక ప్రత్యేకమైన భాష నేర్పేవారు. యాస గురించి కాలేజీ మొదటి వారంలో వెక్కిరింతలు తిన్నవాళ్లకి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

పైగా ఆ బొమ్మల్లో కనిపించేది పైమెట్టు మీద ఉన్న కొద్దిమందే. వాడలో ఉన్నవాళ్లు వేలల్లో. దిక్కులేకుండా చనిపోయినవాళ్లని దగ్గర్లోని జోకాన్‌జి అనే గుడికి పంపేవారు. జనం ఆ గుడికి పెట్టుకున్న పేరు 'పడేసే గుడి'. అక్కడ చేరినవాళ్లు పాతిక వేల మంది అంటారు.

ఈ మాట అన్నప్పుడల్లా మా రూమ్మేట్ ఒక పాయింట్ లేవదీస్తాడు: "అంతా కష్టమే చూస్తే ఇక బొమ్మ ఎప్పుడు చూస్తావ్? ఉతమారో వేసిన గీత అందంగా లేదా?" ఉంది. అదే చెప్తున్నా. ఆ గీత అందంగా ఉంది కాబట్టే ఇంకాస్త సేపు చూడమంటున్నా. ఉతమారో 1794 ప్రాంతంలో 'యోషివారాలో పన్నెండు వేళలు' అని ఒక సిరీస్ చేశాడు. అప్పటి లెక్కలో రోజుకి పన్నెండు వేళలు, ఒక్కో వేళకి ఒక్కో జంతువు పేరు. అందులో 'ఎద్దు వేళ' అంటే మనకి రాత్రి రెండు గంటల ప్రాంతం. బొమ్మలో ఒకామె నిద్రమత్తులో లేచి బయటికి వెళ్లబోతోంది. ఒక చేతిలో వెలుగుతున్న కాగితం పుల్ల, ఇంకో చేతిలో మడిచిన కాగితాలు. కాలితో చీకట్లో చెప్పు వెతుక్కుంటోంది. కస్టమర్ ఎవరూ బొమ్మలో లేరు, నవ్వు లేదు, భంగిమ లేదు. ఒక మనిషి అలసిపోయి ఉంది, అంతే. ఇది కూడా అమ్మకానికి వేసిన బొమ్మే, తెర వెనక ఏం జరుగుతుందో చూపిస్తామన్న ఆశ పెట్టే సరుకే. అయినా ఆ చెప్పు కోసం వెతికే పాదం దగ్గర నాకు అబద్ధం కనిపించలేదు. కష్టం తెలిశాక ఆ బొమ్మ అందం తగ్గలేదు. నాకైతే పెరిగింది.

పేరుకి ఎంత బలముందో మనకన్నా ఆనాటి ప్రభుత్వానికి బాగా తెలుసు. ఉతమారోని, యోషివారా గేటు దగ్గర పుస్తకాల కొట్టుతో మొదలుపెట్టి ఎదిగిన ప్రచురణకర్త త్సుతాయా జూజబురోని కలిపి చూడండి. వీళ్లు వాడ బయటి మామూలు అమ్మాయిల్ని కూడా స్టార్లని చేశారు. టీ కొట్టులో పనిచేసే ఓకిత, అప్పడాల్లాంటి బియ్యం బిస్కెట్లు అమ్మే ఇంటి అమ్మాయి ఓహిస. వీళ్ల బొమ్మలు పేర్లతో సహా అచ్చయ్యాయి. జనం ఆ కొట్ల ముందు గుమిగూడారు. 1793లో ప్రభుత్వం ఆర్డర్ వేసింది: వేశ్యలవి తప్ప వేరే ఆడవాళ్ల పేర్లు బొమ్మల మీద వేయకూడదు.

ఉతమారో ఏం చేశాడో తెలుసా? బొమ్మ మూలన ఇంకో చిన్న బొమ్మ పెట్టాడు, పొడుపుకథలాగా. రెండు కట్టల ఆకుకూర, ఒక బాణం, నడిసముద్రం, వరిమడి. జపాన్ భాషలో ఆకుకూర 'నా', రెండు కట్టలు 'ని వా', బాణం 'యా', నడిసముద్రం 'ఓకి', వరిమడి 'తా'. కలిపి చదివితే నానివాయా ఓకిత. నానివాయా అన్నది ఆమె టీ కొట్టు పేరు. పేరు రాయలేదు సార్, ఆకుకూర వేశాం! మీమ్ పేజీల వాళ్లు పేరు రాయకుండా ఎమోజీలు పెట్టి తప్పించుకునే టెక్నిక్ రెండు వందల ఏళ్ల పాతది. 1796లో ఆ పొడుపుకథల్నీ నిషేధించారు. 1800లో ముఖాన్ని దగ్గరగా పెద్దగా చూపించే బొమ్మల్నే ఆపేశారు. 1804లో పాత పాలకుడు హిదెయోషి మీద వేసిన బొమ్మల కారణంగా ఉతమారో చేతులకి 50 రోజులు సంకెళ్లు వేశారు. రెండేళ్లకి పోయాడు.

నటుల సంగతి దీనికి సరిగ్గా రెండో వైపు. కబుకిని 1603లో మొదలుపెట్టింది ఓకుని అనే ఆడమనిషి. 1629లో ఆడవాళ్లని స్టేజి మీద నుంచి తోసేశారు, అప్పట్నుంచి ఆడవేషాలు కూడా మగవాళ్లే. ఆ నటులే ఫ్యాషన్ నేర్పారు. సెగావా కికునొజో అనే నటుడు వేసుకున్న టీ రంగు ఎడో అంతా పాకి, అతని కవితానామం 'రోకో' పేరు మీదే 'రోకో-చా' అయింది. నటుల పేర్లు కూడా తరతరాలకీ సంక్రమిస్తాయి. దంజూరో అన్న పేరు ఇప్పుడు పదమూడో మనిషి దగ్గరుంది, 2022 నుంచి. కానీ తేడా గమనించండి. దంజూరో పేరు ఒక కుటుంబం ఆస్తి, పండగ చేసి మరీ తీసుకుంటారు. హనావోగి పేరు యజమాని ఆస్తి. ఒకటి వారసత్వం, ఇంకోటి యూనిఫామ్.

అదే నాటకాల బొమ్మల్లో ఒక వింత కూడా ఉంది. 1794లో షరకు అనే పేరుతో నటుల ముఖాలు వచ్చాయి. మెరిసే నల్లటి అభ్రకం బ్యాక్‌గ్రౌండ్, ముడుచుకున్న నోళ్లు, ఆడవేషం వెనక కనిపించిపోయే మగ దవడలు. పది నెలల్లో నూట నలభైకి పైగా బొమ్మలు, తర్వాత మాయం. అతను సైతో జూరోబెయి అనే నో నాటక నటుడని ఎక్కువమంది నమ్మకం. ఆ మిస్టరీ మీద ఇప్పటికీ పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. చిత్రకారుడు ఎవరో తెలియకపోతే మిస్టరీ. అదే బొమ్మల్ని చెక్కింది ఎవరో తెలియకపోతే? అది మామూలే. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

"ఐడియా ఉన్నవాడిదే బొమ్మ. చెక్కినవాడు చెప్పింది చేశాడు" అనే వాదన ఉంది. సగం నిజమే. కానీ ఈ వాదన హొకుసాయ్ దగ్గర చెల్లదు. పుస్తకాల బొమ్మలకి ఎగావా తొమెకిచి అనే చెక్కేవాడే కావాలని, మిగతావాళ్లు తన కళ్లూ ముక్కులూ పాడుచేస్తున్నారని ఆయన ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు. ఎవరు చెక్కినా ఒకటే అయితే ఆ ఉత్తరం ఎందుకు? చేతికీ చేతికీ తేడా ఉందని అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే.

పేరు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1886లో పారిస్‌లో ఒక పత్రిక జపాన్ మీద ప్రత్యేక సంచిక వేసింది. కవర్ మీద ఎయిసెన్ గీసిన ఒక యోషివారా స్త్రీ, అదీ అద్దంలో చూసినట్టు తిరగబడి. మరుసటి ఏడాది వాన్ గో ఆ కవర్ మీద గళ్లు గీసుకుని, పెద్దది చేసి ఆయిల్ రంగుల్లో వేశాడు. చుట్టూ అంచులో కొంగలు, కప్పలు. ఫ్రెంచి వాడుకలో ఆ రెండూ వేశ్యలకి వాడే వెటకారపు పేర్లు. ఎడో నుంచి పారిస్ చేరేసరికి కుడి ఎడమైంది, ఇల్లు పోయింది, పేరు పోయింది. మిగిలింది వృత్తి, దాని మీద ఒక జోకు. వాన్ గోకి చెడు ఉద్దేశం ఉందనను, ఆ బొమ్మల్ని ప్రాణంగా ప్రేమించాడు. ప్రేమించినా అలా జరిగింది, అదే నా బాధ.

మరి ఆ ఆడవాళ్లు తమ గురించి తాము ఏమీ చెప్పలేదా? చెప్పారు. 1849లో యోషివారాలో ఉమెమొతోయా అనే ఇంట్లో 16 మంది ఆడవాళ్లు ఆ ఇంటికి నిప్పుపెట్టి, పారిపోకుండా వెళ్లి లొంగిపోయారు. వాళ్లలో కొందరు రాసుకున్న డైరీలు కేసు కాగితాల్లో మిగిలాయి. పెట్టిన తిండి, తిన్న దెబ్బలు రాసుకున్నారు. అదే కాలంలో అచ్చయిన రంగుల బొమ్మల్లో ఇవేవీ లేవు. యోషివారా చట్టప్రకారం మూతపడింది 1958లో.

ఇంకొక్క చిత్రం గురించి చెప్పి ముగిస్తాను. ఇది అచ్చు కాదు, కుంచెతో వేసింది. టోక్యోలోని ఓతా మ్యూజియంలో ఉంది. వేసింది కత్సుషికా ఓయి, హొకుసాయ్ కూతురు. తండ్రి పక్కనే ఉండి ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. తన పేరుతో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బొమ్మలో యోషివారా రాత్రి. చెక్క కటకటాల వెనక వెలుగులో ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు, బయట చీకట్లో జనం నిలబడి చూస్తున్నారు. వేరే చిత్రకారులైతే ఆ ముఖాల్ని మనకి పూర్తిగా చూపించేవారు. ఓయి చూపించలేదు. చాలా ముఖాలకి కటకటాల చువ్వలు అడ్డం. మనం కూడా బయట నిలబడి తొంగిచూసే గుంపులో వాళ్లమే అని బొమ్మ చెప్పేస్తోంది.

మరి ఓయి సంతకం? మామూలు చోట లేదు. నేల మీదా చేతుల్లోనూ ఉన్న లాంతర్ల మీద చూడాలి. ఒకదాని మీద 'ఓ', ఇంకోదాని మీద 'ఇ', మూడోదాని మీద 'ఎయి'. మొదటి రెండూ కలిపితే ఓయి, మూడోది ఆమె అసలు పేరులోని అక్షరం. నాన్న నీడలో పనిచేసిన కూతురు, పేరు లేని ఆడవాళ్ల బొమ్మలో, తన పేరుని దీపాల మీద పెట్టింది. లాప్‌టాప్‌లో ఆ బొమ్మని జూమ్ చేసి ఆ మూడు లాంతర్లూ వెతికిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఎందుకంటే, ఇదిగో నా తప్పు. పోయిన ఏడాది మన ఈ-మ్యాగజైన్ కవర్ మీరు చూసే ఉంటారు. స్కెచ్ నాది, అరగంట పని. రంగులు వేసి, అక్షరాలు అల్లి, సైజులు సరిచేసి, నేను చెప్పిన మార్పులన్నీ మూడుసార్లు చేసింది ఒక జూనియర్. మర్నాడు మిడ్ ఎగ్జామ్ పెట్టుకుని రాత్రి రెండింటిదాకా కూర్చున్నాడు. ఎద్దు వేళ. లోపల పేజీలో 'ముఖచిత్రం' అని నా పేరొక్కటే వచ్చింది. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. అందరూ బాగుందంటే థాంక్స్ చెప్పాను, స్టేటస్ కూడా పెట్టాను. వాడు దానికి హార్ట్ కొట్టాడు.

ఇది చాలా చిన్న విషయం, యోషివారా కష్టాలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. పోలిస్తే సిగ్గుచేటు. కానీ పేరు చెరిపే అలవాటు పెద్ద దుర్మార్గంతో మొదలవ్వదు, ఇలాంటి ఊరుకోవడంతోనే మొదలవుతుంది. మినీ ప్రాజెక్ట్‌లో సోల్డరింగ్ అంతా ఒకరు చేస్తే రిపోర్ట్‌లో మొదటి పేరు ఇంకొకరిది. ఫెస్ట్‌లో స్టేజి మీద మైకు పట్టుకున్నవాడు అందరికీ గుర్తు, లైట్లు కట్టినవాడు ఎవరికీ గుర్తుండడు. రేపు ఉద్యోగాల్లోకి వెళ్లాక కూడా ఇదే చేస్తాం, స్లైడ్ మీద మన పేరే వేసుకుని.

అందుకే నా అభిప్రాయం సింపుల్. అల పోస్టర్ తీసేయక్కర్లేదు, ఇంకా పది అంటించండి. కానీ ఎవరు వేశారని అడిగితే "హొకుసాయ్ గీశాడు, పేరు తెలియని వాళ్లు చెక్కి అచ్చుతీశారు" అనండి. రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది. ఉతమారో సుందరిని వాల్‌పేపర్ పెట్టుకుంటే, మూలన ఉన్న ఆ పేరు ఆమెది కాదని ఒకసారి గుర్తు చేసుకోండి.

ఎడిటర్లని ఒకటి అడిగాను, ఒప్పుకున్నారు. ఈ సంచిక నుంచి చివరి పేజీలో రాసినవాళ్లతో పాటు టైప్ చేసినవాళ్లు, తప్పులు దిద్దినవాళ్లు, రంగులు వేసినవాళ్లు, అర్ధరాత్రి అప్‌లోడ్ చేసినవాళ్లు, అందరి పేర్లూ ఉంటాయి. పోయిన ఏడాది కవర్‌కి సవరణ కూడా అక్కడే ఉంది. వాడి పేరు ముందు, నా పేరు తర్వాత.

ఈ పేజీ చదివి ఆపేయకుండా ఆ పేజీదాకా వెళ్లండి.